పెద్దోళ్లు మాట్లాడుకుంటా ఉండారు

నేను సౌదీ అరేబియాలో, ఖోబర్‌లో పనిచేసినంత కాలం మా క్యాంపులో వార్తలు చెప్పే పని నాది. ఎవరూ అప్పగించింది కాదు. అల్ అజీజియాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో మనుషుల హాజరు, సెలవులు, వీసా కాగితాలు చూసేవాణ్ని. సాయంత్రం గదికి రాగానే రేడియో పెట్టుకుని, విన్నదాంట్లో ముఖ్యమైనది డైరీలో రాసుకునేవాణ్ని. ముందు ఎండా గాలీ ఎలా ఉన్నాయో, తర్వాత ఎవరు జబ్బుపడ్డారో, ఎవరు ఊరికి పోయారో, చివరన లోకంలో ఏం జరిగిందో. హైస్కూలు రోజుల నుంచి అదే వరస. రాయడం అయ్యాక మెస్సుకు వెళ్తే, కంచాల ముందు కూర్చున్నవాళ్లు అడిగేవాళ్లు.

"సార్, ఇయ్యాల ఏమన్నరు?"

ఈ అలవాటు కువైట్ మీద ఇరాక్ పడ్డ ఏడు మొదలైంది. మెస్సులో ఎక్కువమంది నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వాళ్లు. మేస్త్రీలు, ప్లంబర్లు, కూలీలు. ఆ జనవరిలో అమెరికా, ఇరాక్ మంత్రులు స్విట్జర్లాండ్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు. మాటలు పొద్దంతా సాగాయని నేను చెప్పగానే ఒక మేస్త్రీ ముఖం వెలిగింది.

"గంత సేపు కూసున్నరంటే తెగినట్టే సార్. తెగకపోతే గంటకే లేస్తరు."

"నీ పెండ్లి మాటలు గంటల్నే తెగినయి గదరా," అన్నాడు పక్కవాడు. "గందుకేనా నీ సంసారం గట్లున్నది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి యుద్ధం మొదలైంది. కిటికీలకు అడ్డంగా ప్లాస్టర్ టేపులు అంటించి, విషవాయువు రాకుండా తలుపు కింద తడి తువ్వాళ్లు కుక్కి కూర్చున్నాం. యుద్ధం ముగిసే రోజుల్లో ఒక క్షిపణి మా ఊళ్లోనే, సైనికులు పడుకున్న షెడ్డు మీద పడింది. ఆ చప్పుడు గురించి ఇక్కడ రాయను. అప్పటి నుంచి 'చర్చలు సుదీర్ఘంగా సాగాయి' అన్న మాట రేడియోలో వినిపిస్తే నాకు ధైర్యం రావడం మానేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అణ్వాయుధాల తనిఖీ అధికారులు బాగ్దాద్ వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. అవన్నీ రాస్తూనే ఉన్నాను. చెబుతూనే ఉన్నాను.

ఇండియా, పాకిస్తాన్ రెండూ అణుబాంబులు పేల్చి చూసిన వేసవిలో మా క్యాంపులో రెండుసార్లు మిఠాయిలు పంచారు. ముందు మావాళ్లు, కొన్నాళ్లకు పాకిస్తాన్ వాళ్లు. రెండు సార్లూ తెచ్చింది ఒకే బెంగాలీ దుకాణం నుంచే.

ఇది ఆ మిఠాయిల తర్వాతి కథ. మా కంపెనీలో కడప వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఉండేవాడు. ముస్లిం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ని. అతనికి ఒకే అక్క. వాళ్ల పెద్ద మేనమామ ఎప్పుడో హైదరాబాదు నుంచి కరాచీ వెళ్లి స్థిరపడ్డాడు. తన కొడుక్కు మేనకోడల్నే చేసుకుంటానని పట్టుబట్టి అడిగితే, అక్కను అక్కడికి ఇచ్చారు. అప్పటికి ఇతను నిక్కర్లు వేసుకునే వయసు. అప్పట్లో రాకపోకలు సులువుగానే ఉండేవి కాబట్టి, కరాచీ అంటే బొంబాయి పక్క ఊరన్నట్టే తల్లి ఒప్పుకుందట. తండ్రి పోయినప్పుడు అక్క ఒకసారి వచ్చి వెళ్లింది. ఆ తర్వాత వీసా అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడింది. తల్లి ముసలిదైంది. కూతుర్ని చూడాలన్న మాట తప్ప ఫోనులో ఇంకో మాట లేకుండా పోయింది.

ఇలా చీలిపోయిన కుటుంబాలు కలుసుకునే చోటు ఒకటుంది. అది సౌదీయే. వీళ్లు అక్కడి వీసా అడగక్కర్లేదు, వాళ్లు ఇక్కడి వీసా అడగక్కర్లేదు. ఇద్దరూ ఉమ్రా యాత్ర వీసా మీద మక్కాకు వస్తారు. యాత్రా అవుతుంది, ఒకరినొకరు చూసుకోవడమూ అవుతుంది. హైదరాబాదు, కరాచీ కుటుంబాలు హరమ్ మసీదు బయటి మెట్ల మీద కూర్చుని, మధ్యలో అన్నం గిన్నెలు పెట్టుకుని, పుట్టిన పిల్లల్నీ పోయిన పెద్దల్నీ లెక్క చెప్పుకోవడం అక్కడివాళ్లకు మామూలు దృశ్యమట. నేను చూడలేదు. ముస్లిం కానివాళ్లు మక్కా పొలిమేర దాటి పోకూడదు. మా డ్రైవరు చెప్పిందే నాకు తెలిసింది.

ఢిల్లీలో పార్లమెంటు మీద దాడి జరిగిన తర్వాత రెండు సైన్యాలూ సరిహద్దుకు వచ్చి నిలబడ్డాయి. రైలు, బస్సు, విమానం అన్నీ ఆగాయి. వీసా కార్యాలయాల్లో సిబ్బందిని తగ్గించేశారు. ఇక ఉమ్రా తప్ప దారి లేదని డ్రైవరు ఆ చలికాలంలోనే తీర్మానించుకున్నాడు. తల్లి తన తమ్ముణ్ని తోడు తీసుకుని కడప నుంచి వస్తుంది. అక్క భర్తతో కరాచీ నుంచి వస్తుంది. ఇతను ఖోబర్ నుంచి వెళ్తాడు. ఎండాకాలానికి అన్నీ కుదిరాయి. రెండేళ్లకోసారి వచ్చే తన సెలవును ఊరికి పోకుండా మక్కాలో వాడుకుంటానని నా దగ్గరికి కాగితం తెచ్చాడు.

"ఆలోచించుకో భాయ్. ఇది వాడుకుంటే ఇంటికి పోవుడు మళ్ల ఎప్పుడో," అన్నాను.

"ఇల్లే ఆడికి వస్తాంటే మళ్లీ ఇంటికి యాల సార్?" అని నవ్వాడు.

తల్లి మక్కా చేరిన రోజుల్లోనే పరిస్థితి విషమించింది. జమ్మూ దగ్గర మరో దాడి, సైనికుల ఇళ్లల్లో ఆడవాళ్లూ పిల్లలూ చనిపోవడం, ఢిల్లీ ఆగ్రహం, అవతలి పక్క క్షిపణి పరీక్షలు. అమెరికా, బ్రిటన్ తమ పౌరుల్ని ఇండియా వదిలి రమ్మన్నాయి. అణుయుద్ధం జరిగితే ఎంతమంది పోతారో రేడియోలో నిపుణులు అంచనాలు కట్టారు. ఆ అంకెలు డైరీలో రాయలేదు. చెయ్యి రాలేదు.

కరాచీలో అక్క భర్త ప్రభుత్వ ఉద్యోగి. వాళ్ల శాఖలో సెలవులన్నీ రద్దు చేశారు. దేశం విడిచిపోయే అనుమతీ రద్దయింది. అతను రాకపోతే ఆమె రావడానికి లేదు. ఉమ్రాకు వచ్చే స్త్రీకి మహ్రమ్, అంటే భర్తో, తండ్రో, కొడుకో, తోబుట్టువో, మేనమామో తోడు ఉండాలి. ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే, మామగారైన పెద్ద మేనమామ అప్పటికే పోయాడు. తమ్ముడూ చిన్న మేనమామా సౌదీలోనే ఉన్నారు గానీ, కరాచీకి వెళ్లి ఆమెను వెంట తెచ్చుకునే దారి వాళ్లకు లేదు.

డ్రైవరు అప్పటికే బస్సెక్కి మక్కా వెళ్లిపోయాడు. ప్రతి ఉదయం అక్కడి కబీనా నుంచి, అంటే డబ్బు కట్టి మాట్లాడే ఫోను గది నుంచి, ఆఫీసుకు చేసేవాడు.

"సార్, ఏమన్నారు?"

ఆఫీసుకు వచ్చే పేపరు తెరిచి నేను చదివేవాణ్ని. మధ్య ఆసియాలో ఒక సదస్సులో ఇద్దరు నాయకులూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, కానీ చేతులు కలపలేదు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాలని రష్యా అధ్యక్షుడు ప్రయత్నించాడు, కుదరలేదు. అమెరికా ఉపమంత్రి బయలుదేరాడు. ముందు ఇస్లామాబాద్, తర్వాత ఢిల్లీ.

"అట్లయితే బావకు సెలవు ఇస్తారా సార్?"

"అది రాయలేదు భాయ్."

నేను ఇంకేం చెప్పగలను. పేపరులో రాసేవి సైన్యాల కదలికలు, ప్రకటనలు, హామీలు. కరాచీలో ఒక గుమస్తా సెలవు చీటీ గురించి ఏ దూతా ఏ రాజధానిలోనూ మాట్లాడడు. అయినా అదంతా తేలితే గానీ ఇది తేలదు.

క్యాంపులో డ్రైవరు గదిలో ఉండే ఏసీ మెకానిక్ సియాల్‌కోట్ దగ్గరి పల్లెవాడు. పాకిస్తానీ. ఇద్దరూ ఏళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. డ్రైవరు మక్కా వెళ్లే ముందు రోజు కూడా వాళ్ల వేళాకోళం నడిచింది. మాటలు ఉర్దూలో. నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను.

"మీ మిస్సైలు మా కడప దాకా వస్తుందా మియా?" అని డ్రైవరు.

"ఎందుకు రాదు? నీ అడ్రసు రాసి పంపిస్తా."

"రాదులే. మా ఊరికి రైలే ఒక్కనాడూ వేళకు రాలేదు."

"ముందు పప్పులో ఉప్పు వెయ్యి. యుద్ధం తర్వాత చేద్దువుగానీ."

డ్రైవరు వెళ్లాక మెకానిక్ ఒక్కడే వండుకునేవాడు. సరిహద్దు పక్కన ఉన్న వాళ్ల పల్లెను ఖాళీ చేయించారు. ఇంట్లోవాళ్లు ఏదో బడిలో తలదాచుకున్నారు. బర్రెల్ని వదిలేసి వచ్చారు. ఆ సంగతి ఒకసారి చెప్పాడు. తర్వాత నేను మెస్సులో వార్తలు చెబుతుంటే అటువైపు రావడం మానేశాడు.

ఒక ఉదయం డ్రైవరు ఫోను చేసి, ఏమన్నారని అడగలేదు. ముందురోజు కబీనా నుంచి తల్లిని పక్కన పెట్టుకుని కరాచీకి చేశాడట. అక్క సంతోషంగా ఎత్తింది. అక్కడి ఏజెంటు ఉపాయం చెప్పాడు. వాళ్ల గ్రూపులో ఒక పెద్దాయన వస్తున్నాడు. మర్యాదస్తుడు, వాళ్ల వీధివాడే. కాగితం మీద ఆయన్ని ఆమెకు మేనమామగా చూపిస్తే వీసా పడుతుంది. అందరూ చేసేదే. ఎవరూ అడగరు. మర్నాటి సాయంత్రంలోపు సరే అంటే చాలు.

అందరూ చేసేదేనని నాకూ తెలుసు. మా ఆఫీసు కిటికీలోంచి అలాంటి మేనమామల, అలాంటి తోబుట్టువుల కాగితాలు చాలా పోయాయి.

తల్లి ఫోను లాక్కుందట. "అల్లా ఇంటికి అబద్ధం మీద వస్తావా? పరాయి మగోణ్ని మేనమామ అని చెప్పి కాబా ముందర నిలబడతావా? నీ సొంత మేనమామ ఈడ నా పక్కన నిలబడుకోని ఉంటే?" అంది. అక్క ఏడ్చింది. ఇతను బతిమాలాడు. తల్లి వినలేదు.

"సార్, అమ్మతో మీరు మాట్లాడండి. మీరు వార్తలు సదువుతారని ఆమెకు మీ మీద గురి," అని ఫోను ఇచ్చేశాడు.

నేను సిద్ధంగా లేను. అవతల సన్నటి, గట్టి గొంతు.

"నాయనా, నువ్వేనా పేపరు సదివేది?"

"అవునమ్మా."

"పెద్దోళ్లు మాట్లాడుకుంటా ఉండారంట గదా? అమెరికా ఆయన వచ్చినాడంట."

"మాట్లాడుతున్నరమ్మా. కానీ ఎప్పుడు తెగుతదో ఎవరికీ తెల్వదు. ఫౌజులు సరిహద్దు మీదనే ఉన్నయి. మీ వీసా అయిపోయే లోపల తెగకపోతే ఎట్ల? నా మాట విని బిడ్డను రానియ్యండి."

"మాట్లాడుకుంటా ఉంటే తెగుతాది నాయనా. తెగకుండా యాడికి పోతాది? అంతంత పెద్దోళ్లు విమానాలెక్కి తిరగతా ఉండేది ఊరికే తిరగతారా?"

"అమ్మా, పోయినసారి ఇరాక్ లడాయి ముందు గూడ గిట్లనే మాట్లాడుకున్నరు. పొద్దంత మాట్లాడుకున్నరు. నేను ఈడనే ఉన్న. ఆఖరుకు లడాయే అయింది."

వెనక ఎవరో కబీనా ఖాళీ చెయ్యమని అరబ్బీలో గట్టిగా అంటున్నారు.

"నువ్వు హిందువువి గదా," అంది. "నువ్వే చెప్పు. మీ ఆడోళ్లు తిరుపతి కొండకు పోయేటప్పుడు, పక్కన నడిసేటోణ్ని మొగుడని చెప్పి దర్శనానికి పోతారా?"

పోరని చెప్పాలి. చెబితే ఆమె గెలుస్తుంది.

"బిడ్డను చూడాలని నీకంటే నాకు ఎక్కువ ఉండాది నాయనా," అంది. "ఇన్నేండ్లు ఆగినా. ఇంగ రెండు వారాలు ఆగలేనా?"

ఆ సాయంత్రం అక్క సీటు ఇంకెవరికో పోయింది.

తర్వాతి రోజుల వార్తలు నిజానికి మంచివే. అమెరికా ఉపమంత్రి ఇస్లామాబాద్‌లో చొరబాట్లు ఆపుతామన్న హామీ తీసుకుని ఢిల్లీకి మోసుకొచ్చాడు. ఢిల్లీ ఆ హామీని నమ్మకుండానే స్వాగతించింది. పాకిస్తాన్ విమానాలు మన ఆకాశంలోంచి పోవచ్చన్నారు. యుద్ధనౌకలు వెనక్కి తిరిగాయి. రేడియో గొంతులో బిగువు తగ్గింది. నేను ఒక్కొక్కటీ డ్రైవరుకు చదివి వినిపించాను. అతను తల్లికి చెప్పాడు. ఆమె "చూసినావా?" అందట. కానీ సైన్యాలు కదల్లేదు. కరాచీలో సెలవుల రద్దు ఎత్తేయలేదు.

ఈలోగా ఆ కరాచీ గ్రూపు మక్కాకు వచ్చింది. కూతురు లేకుండా.

వాళ్ల బస ఎక్కడో కనుక్కుని తల్లి తానే వెళ్లిందట. కూతురి వీధి ఆడవాళ్ల మధ్య ఒక పూటంతా కూర్చుంది. కూతురు ఎలా ఉంటుంది, జుట్టు నెరిసిందా, పిల్లలు ఎవరి పోలిక, మేడ మీద ఉంటారా కిందనా, నీళ్లు వస్తాయా. వాళ్లు ఓపిగ్గా చెప్పారు. లేచి వచ్చేటప్పుడు తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ఎదురొచ్చి సలాం చేశారు. మేనమామగా రావలసినది ఆయనే.

"మీ అమ్మాయిని నా చెల్లెలి బిడ్డలాగా చూసుకుంటూ తెస్తానన్నానమ్మా," అన్నారట. "మీరు వద్దన్నారని చెప్పింది."

తల్లి సలాం తీసుకుని బయటికి వచ్చింది. వీధి దాటాక కొడుకుతో, "మంచోడి మాదిరే ఉండాడు," అని ఒక్క మాట అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

వీసా గడువు అయిపోయింది. ఆమె కడపకు వెళ్లిపోయింది. కొడుకు ఖోబర్‌కు వచ్చి మళ్లీ బండి ఎక్కాడు. వచ్చిన మొదటి సాయంత్రం మెకానిక్ రెండు కంచాలు పెట్టి కూర్చున్నాడు. ఇద్దరూ తిన్నారు.

వానాకాలం పోయే రోజుల్లో తల్లికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. సైన్యాల్ని వెనక్కి పిలుస్తున్నామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించిన వారం ఆమె ఇంకా మంచం మీద ఉంది. ఆ సాయంత్రం మెస్సులో చాలా రోజుల తర్వాత కోడి వండారు. మెకానిక్ కూడా వచ్చి కూర్చున్నాడు. యుద్ధం తప్పినందుకు ప్రపంచ రాజధానుల్లో దౌత్యవేత్తలు ఒకరినొకరు అభినందించుకున్నారని చదివాను. అది అబద్ధం కాదు. పోవలసిన లక్షల మంది పోలేదు. ఆ లెక్క ముందు ఒక ముసలమ్మ కోరిక నిలబడదని నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు కంచంలో కోడి వదిలేసి లేచాను.

రంజాన్ దాటాక ఆమె పోయింది. వాళ్లలో శవాన్ని ఉంచరు, అదే రోజు మట్టి చేస్తారు. డ్రైవరు సెలవు అప్పటికే మక్కాలో అయిపోయింది. అత్యవసరం కింద ఎగ్జిట్ రీఎంట్రీ కోసం, అంటే దేశం దాటి తిరిగి వచ్చే అనుమతి కోసం, నేను కాగితం పెట్టాను. సంతకం చేయవలసిన మనిషి ఊళ్లో లేడు. సంతకం వచ్చేసరికి మూడో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయింది. "ఇంగ యాడికి పోయేది సార్," అని అతనే కాగితం వెనక్కి ఇచ్చేశాడు. కరాచీలో అక్కకు ఏ దారీ తెరుచుకోలేదు. సైన్యాలు వెనక్కి వెళ్లినా రైళ్లూ విమానాలూ మొదలు కాలేదు.

మరుసటి వసంతంలో ఇరాక్ మీద రెండోసారి యుద్ధం వచ్చింది. తనిఖీ అధికారులు ఇంకొంత కాలం అడిగారు. ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజుల్లో మెస్సులో నన్ను "ఏమన్నరు" అని అడిగేవాళ్లు తగ్గారు. నేనూ అడగనిదే చెప్పడం మానేశాను.

ఆ ఏడు చివర్లో అక్క వచ్చింది. భర్తకు సెలవు దొరికింది. సక్రమమైన కాగితాలతో, సక్రమమైన మహ్రమ్‌తో మక్కాలో దిగింది. తల్లి పేరు మీద ఉమ్రా చేయడానికి వచ్చింది. మేనేజరుతో మాట్లాడి డ్రైవరుకు నాలుగు రోజులు ఇప్పించాను.

తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్నాడు. ఖర్జూరాల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"అక్క ఎట్లున్నది భాయ్?"

"బాగుండాది సార్. నేను గుర్తుపట్టలేదు. బావే పిలిచినాడు." కాసేపు పొట్లం దారం సర్దాడు. "అమ్మ గురించే అడగతా ఉండింది సార్. పొద్దున లేస్తానే ఏం తినేది, యాడ పండుకునేది, మోకాళ్లు నొస్తే ఎవురు పట్టేది. మాట పడిపోయినాక చెయ్యి చూపించి ఏమైనా అడిగేదా అని."

"ఏం చెప్పినవు?"

"నాకేం తెలుసు సార్? నేనూ ఈడనే ఉంటి గదా. మక్కాలో ఉన్నన్ని దినాలూ కబీనాకు పోను, రాను, అదే సరిపాయ. అమ్మను కుచ్చోబెట్టుకోని ఏమీ అడగలేదు." తల ఎత్తాడు. "ఆ కరాచీ ఆడోళ్లు అమ్మతో ఒక పూట కుచ్చున్యారు గదా. వాళ్లు చెప్పిందే అక్క నాకు చెప్పినాది. అమ్మకు ఎడమ చెవి వినపడదంట. నాకు తెలీదు సార్."

"తర్వాత?"

"తర్వాత ఏముంది సార్. బావ టీ తెచ్చినాడు. తాగినాము. అక్క కొంచెం సేపు నా చెయ్యి పట్టుకోని కుచ్చున్యాది. మాట్లాడేదానికి ఇద్దరికీ ఏమీ లేకపాయ."

విమానాశ్రయం నుంచి ఎవరినో తీసుకురావాలని ఫోను వచ్చింది. అతను తాళాలు తీసుకుని వెళ్లాడు.